తారు అయిపోయిన చోట

తారు రోడ్డు అయిపోగానే నర్సు రత్తాలు ఎక్కిన డ్రైవరులేని కారు "ఇక ముందుకు దారి లేదు" అని మర్యాదగా చెప్పి తలుపులు తెరిచేసింది. దారి ఉంది. దాని పటంలో లేదు, అంతే. కొండమీద జీలుగులపాడులో కాసులమ్మకు పొద్దుటినుంచీ నొప్పులు. ఎదురుకాళ్ళ బిడ్డట.

రత్తాలు పక్కనే ఉన్న నా షెడ్డులోకి పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, నీ పాత జీపు నడుస్తుందా?"

"మూడేళ్ళు తంటాలుపడి జీపుకి జీవం పోశానమ్మా. అది నడుస్తుంది. నడపడమే ఎవరికీ రాదు, నాతో సహా!"

"నడపడం మీద పుస్తకాలు చదివావుగా, ఎక్కు!"

కంకర, బురద, బండలు. చక్రం కింద ఏ రాయి దొర్లినా నా అరచేతికి తెలుస్తోంది. నేల ఇంతగా మాట్లాడుతుందని యాభై రెండేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. గేరు మార్చానో లేదో నా తీరే మారిపోయింది.

ఏటవాలులో జీపు వెనక్కి జారింది. "ఆగు!" అన్నాను. జారుతూనే ఉంది. "దయచేసి ఆగు!" అన్నాను, అలవాటుకొద్దీ ఇంకాస్త స్పష్టంగా.

"దానికి చెవుల్లేవు బాబాయ్! నోటితో కాదు, కాలితో ఆపు!"

బ్రేకు తొక్కాను. లోయ అంచుకు మూరెడు దూరంలో ఆగింది.

ఊళ్ళోకి చేరగానే రత్తాలు దూకి కాసులమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. గంట తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"తల్లీబిడ్డా బాగున్నారు. నువ్వింకా దిగలేదేం?"

స్టీరింగు మీంచి నా చేతులు రావడం లేదు.

"పుట్టినప్పట్నుంచీ ఎక్కడికైనా నన్ను కార్లే తీసుకెళ్ళాయి రత్తాలూ. ఇవాళ నేనే వచ్చానమ్మా!"