మిగిలింది ఒక్క ప్రయత్నం

బల్ల చుట్టూ ముగ్గురున్నారు. తలుపుకు ఎదురుగా, ఎప్పటి కుర్చీలోనే, ఫ్యాక్టరీ గేటు దగ్గర టైంకీపరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయనకు కుడివైపున కోడలు. అందరికంటె చివర వచ్చి ఎడమవైపున కూర్చొన్న ఇంజనీరు. నాలుగో కుర్చీ ఖాళీ. దాని ముందు, బల్లమీద, నెల క్రితం పోయిన కొడుకు ఫోను ఉంది.

ఆసుపత్రిలో ఆఖరి రోజున అతడు భార్యతో, “నాన్నకు చెప్పాల్సింది ఫోన్లో రికార్డు చేశాను, తర్వాత వినిపించు,” అన్నాడు. తాళం అంకెలు చెప్పేలోగా మాట పడిపోయింది.

“ఎన్నిసార్లు కొట్టి చూశారు, బాబాయిగారూ?” అని అడిగాడు ఇంజనీరు. పోయినవాడికి ఇతడు స్నేహితుడు. ఇద్దరూ ఒకే పనిలో ఉండేవారు.

“తొమ్మిది. ఇంట్లో అందరి పుట్టినరోజులూ అయిపోయాయి. పదోది కూడా తప్పితే మొత్తం చెరిగిపోతుందట.”

“చెరిగిపోతుందండీ. ఆ లెక్క లోపల విడిగా ఉండే చిన్న చిప్పులో ఉంటుంది. దాన్ని ఎవరూ ఏమార్చలేరు.”

“ఆ చిప్పుకు ప్రోగ్రాము రాసింది నువ్వూ వాడూ కలిసే కదయ్యా.”

“మేమిద్దరమే కాదు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళం రెండు వందల మందిమి రాశాం. దాపరికం లేదు. తాళం ఎలా చేశామో ఎవరైనా చూసుకోవచ్చు. తాళంచెవి మాత్రం మా దగ్గర ఉండదు.”

“బాగుంది మీ బేరం,” అన్నారు పెద్దాయన.

కోడలు నవ్వబోయింది. “మామయ్యగారికి మూసిన తలుపంటే మహా గౌరవమండీ. మా పెళ్ళిలో భోజనాల హాలు గుమ్మంలో నిలబడి, మనిషికొకసారి చేతిలోని లెక్కల మిషను మీట నొక్కి మరీ వదిలారు. మా ఆయన ‘ఆకలేస్తోంది నాన్నా’ అన్నా సరే, ముందు లెక్క, తరువాతే తలుపన్నారు.”

ఇంజనీరు తలెత్తి పెద్దాయనను చూసి, మళ్ళీ దించుకొన్నాడు.

“ఒక్క దారి కూడా లేదంటావా?”

“ఉండేది. ఇదివరకు చిప్పు ముందు అంకెలు సరిచూసేది, తప్పయితే ఆ తరువాత లెక్కలో వేసుకొనేది. ఆ రెంటి మధ్యా కరెంటు తీసేస్తే ఆ ప్రయత్నం లెక్కకే రాదు. అలా లక్షసార్లు కొట్టినా అడిగే దిక్కు లేదు. ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకొనేది.”

“మరింకేం.”

“ఆరు నెలల క్రితం మూసేశాం. ఒకాయన చెప్పిన మాట మీద. ఈ ఫోనులోకీ ఆ మార్పు వచ్చేసింది.”

పెద్దాయన ముఖం వాడిపోయింది. “ఎవరా మహానుభావుడు? నోరు మూసుకొని ఉండలేకపోయాడా?”

“ఆ కన్నం ఉంటే దొంగా అందులోంచే దూరతాడు కదండీ. ఆయన చెప్పింది మంచే.”

“మంచే. నా కొడుకు గొంతు నాకు వినబడకుండా చేశాడు. ఆ మనిషెవరో చెప్పు. ఒక్కసారి ముఖాన అడిగేసి వస్తాను.”

“వద్దు, బాబాయిగారూ.”

“దాపరికం లేదన్నావుగా. చెప్పు.”

ఇంజనీరు కోడలివైపు చూశాడు. ఆమె చెప్పమన్నట్లు తల ఊపింది. అతడు తన ఫోను తీసి, ఆ సవరణ కింద దానిని రాసినవాడు చేర్చిన వాక్యాలను ఉన్నవి ఉన్నట్లు చదివాడు:

“ఈ సవరణ రాసింది నేనే అయినా, పద్ధతి నాది కాదు. దానిని నాకు నేర్పినవారికి మన బృందం పక్షాన సవినయంగా కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను. ముందు లెక్క, తరువాతే తలుపు అన్నది మా నాన్నగారు.”