నలభై ఏడో పేజీ మీద చెయ్యి

కూతురు జ్వరంతో పక్కగదిలో పడుకుంది. ఆ రాత్రి పాత కంప్యూటర్ ఆటల పత్రికను తల్లే ఒక్కో పేజీ స్కానర్‌ మీద పరిచి, మూత అదిమి, నెట్‌లోకి ఎక్కిస్తోంది. ఆ సంచికకు లోకంలో మిగిలిన ప్రతి అదొక్కటే. ముట్టుకుంటే అంచులు పొడిగా రాలుతున్నాయి.

"అమ్మా! నలభై ఏడో పేజీలో నీ వేళ్లు పడ్డాయి, మళ్లీ తియ్యి," ఫోన్లో చూసి కూతురు కేకేసింది.

"నా చేతులు రెండూ మూత మీదే ఉన్నాయి కదే!"

"మరి నీకు మూడో చెయ్యి మొలిచిందా?"

మళ్లీ తీసింది. తెర మీద ఆట బొమ్మను కప్పేస్తూ నాలుగు సన్నటి వేళ్లు కనిపించాయి. మూడోసారి అరచెయ్యంతా వచ్చింది. కాగితం మూల మరికాస్త విరిగింది.

పిల్ల తుమ్మితేనే గుండె జారిపోయే మనిషి ఆమె. అయినా ఇప్పుడు భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఏడాదిపాటు కాళ్లరిగేలా తిరిగి పిల్ల సంపాదించిన పుస్తకమది.

స్కానర్‌ మీదికి వంగింది.

"చెయ్యి తీస్తావా, తియ్యవా? తియ్యకపోతే నీ చేత్తో సహా ఎక్కించేస్తాను. లోకమంతా చూస్తుంది."

మీట నొక్కింది. మూత కింద వెలుగు కదిలింది. లోపల్నుంచి ఏదో మూతను పైకి నెట్టింది.

ఆమె ఒళ్లంతా మూత మీద మోపి అదిమింది.