గొంతు సాఫ్‌గ రావాలె

లాప్‌టాప్‌లో రికార్డైన రిబ్కమ్మ మాట కుండలోంచి వచ్చినట్టు వినిపించింది. వెనక సుయ్‌మని ఒకటే రొద.

"పొద్దుగాల సంది గిట్లనే వస్తున్నది బిడ్డా. మైకు కొత్తదే. వైరు గూడ మార్చి చూసిన," అందామె.

కంప్యూటర్లు బాగుచేసే ఫయాజ్ ముందు ఫ్యాన్ ఆపాడు. ఆసిఫాబాద్‌లో ఆ ఇంటికి రావడం అతనికి ఇదే మొదటిసారి. గోడ నిండా హాస్టల్ పిల్లల ఫొటోలు. రిబ్కమ్మ ఉట్నూర్‌లో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైంది. ఆమె ఒక్క కేక వేస్తే వరండా చివరిదాకా గప్‌చుప్ అయ్యేదట. ఇప్పుడు కేకేస్తే పలికేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

ఫయాజ్ మైకును గోటితో తట్టాడు. తెర మీద శబ్దాన్ని చూపే గీత కదల్లేదు. లాప్‌టాప్‌ను తట్టాడు. గీత ఎగిరింది.

"గిదీ సంగతి మేడం. కొత్త మైకు పెట్టినా, గిది లోపలున్న తన మైకుతోనే ఇంటున్నది." సెట్టింగు మార్చాడు. "ఇగ మాట్లాడుండ్రి."

ఆమె గొంతు సవరించుకుంది.

"బాబూ, జర ఆపు. గీడ దిగుత."

"చాయ్‌ల చక్కెర వద్దు."

"నాకేం కాలే. ఫికర్ చెయ్యకుండ్రి."

రికార్డైంది పెట్టి ఇద్దరూ విన్నారు. రొద పోయింది. బొంగురు మాత్రం మిగిలింది.

"గిది మైకుది కాదు మేడం, మీ గొంతు పట్టింది. తగ్గినంక చేసుకోవచ్చు గద?"

"ఇయ్యాలనే కావాలె."

"నాటకం గిట్ల ఏమన్న ఏస్తుండ్రా?"

ఆమె నవ్వింది. మళ్లీ మైకు దగ్గరికి వంగింది.

"ఎవరది? ఆగు, వస్తున్న."

విసుగ్గా వచ్చిందని తుడిపేసింది. మళ్లీ అంది. ఈసారి భయపడ్డట్టు వచ్చింది.

"మనిషొచ్చిండని సంతోషపడ్డట్టు రావాలె ఫయాజ్. నాకేమో అలవాటు తప్పింది."

ఫయాజ్ తలుపు వైపు చూశాడు. ఏమనుకున్నాడో, లేచి బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. గట్టిగా తట్టాడు.

"ఎవరది? ఆగు, వస్తున్న!"

ఆ మాట మైకులో అచ్చం ఆమె కోరుకున్నట్టే పడింది.

అతను వెళ్లిపోయాక, సాయంత్రందాకా ఆమె ఫొటోల్లోని పిల్లల్ని పేరుపేరునా పిలిచింది. మమతారాణీ... యాదవ్వా... ఒక్కో పిలుపు దాచుకుని, తృప్తిగా మైకు తీసి పక్కన పెట్టింది.

మర్నాడు కరీంనగర్‌లో డాక్టర్లు క్యాన్సర్ గడ్డతో పాటు ఆమె స్వరపేటికను కూడా తీసేశారు.