నీళ్లు చూసే వేలు

"తాతకుండాది గదా! నాకు మాత్రం యాల తీసేస్తారు?"

ఆరేళ్ల నిస్సీ మంచం కమ్మీ పట్టుకుని వదలదు. తిరుపతి ఆస్పత్రిలో ఆపరేషనుకు పిలుపు వచ్చేసింది. నర్సు రెండుసార్లు వచ్చి, ఇంకోసారి రానని విసుక్కుని పోయింది.

స్టెల్లాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కూతురి కుడి బొటనవేలి పక్కన ఇంకో బుల్లి వేలు. చేతిలో పెన్సిలు నిలవదు. ఇప్పుడు తీసేసి, కొన్నాళ్లు పిండి పిసికించి అలవాటు చేస్తే చెయ్యి చక్కబడుతుందన్నాడు డాక్టరు. ఆలస్యమైతే బొటనవేలు కూడా వంకరేనట.

మామ ఓబయ్య వింటేగా! ఐరాల చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ఆయనే రావాలి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. అదంతా ఆరో వేలి మహిమేనని జనం నమ్మకం. ఆ వేలు లేకుంటే ఓబయ్యను పిలిచే నాథుడే లేడు. దిష్టి తగులుతుందని ఇంట్లో కూడా ఆ చేతికి గుడ్డ చుట్టుకునే ఉంటాడు. విప్పేది చేలోనే. కోడలై వచ్చి ఇన్నేళ్లయినా స్టెల్లా ఆ వేలిని దూరం నుంచి చూడటమే.

"నా తర్వాత నీళ్లు సూసేది ఆ బిడ్డే. వేలు తీస్తే ఊరుకునేది లే!" అని నలుగురిలో కేకలేశాడు. అయినా ఈరోజు ఏమనుకున్నాడో, వాళ్ల వెనకే బస్సెక్కాడు.

పూతలపట్టు మునిశేఖర్ అయితే బోరు బండిని తన చేలో నిలబెట్టి, కారేసుకుని నేరుగా వార్డుకే వచ్చేశాడు.

"లే ఓబయ్యన్నా, బండి కాసుకోనుండాది. వేలు బద్రం!"

స్టెల్లాకు ఒళ్లు మండింది.

"మామా, నీ మాటైతే అది ఇంటాది. ఒక్క మాట సెప్పు. బిడ్డ బతుకు మామా!"

ఓబయ్య మునిశేఖర్ వైపు ఒకసారి చూసి, మనవరాలి పక్కన కూర్చున్నాడు.

"నొప్పుంటాదా తాతా?"

"సూదేసేటప్పుడు సీమ కుట్టినట్టుంటాది. అంతే పాపా."

"నీకెట్లా తెలుసు? నీది తీయలేదు గదా!"

మునిశేఖర్ పకపకా నవ్వాడు. స్టెల్లా తల పట్టుకుంది.

ఓబయ్య చేతి గుడ్డ విప్పి, పాత కుట్ల మచ్చ మీది రబ్బరు వేలిని ఊడబెరికి మనవరాలి గుప్పెట్లో పెట్టాడు.