రాగి మూకుడు

“ఇదేంటి?” అంది రాధారాణి, ఓ నల్ల ముక్కని ఫోర్కుతో ప్లేటు అంచుకి లాగి.

హలీల్ కిచెన్ కిటికీ అవతల నుంచి తొంగి చూశాడు.

“బాగుంటుంది. తినండి డాక్టర్.”

“ఒకటి నమిలాను. తోలులా సాగుతోంది. మాంసమా?”

“నో మీట్. వెజిటబుల్.”

“ఏ వెజిటబుల్?”

హలీల్‌కి దాని ఇంగ్లీషు పేరు రాదు. చేతులతో పొడుగ్గా, గుండ్రంగా చూపించాడు.

రాధారాణికి అది అచ్చం సాసేజ్‌లాగే కనపడింది. ప్లేటు అక్కడే వదిలేసి లేచిపోయింది.

ఇది 1981 జనవరి మాట. డెట్రాయిట్‌లో ఓ హాస్పిటల్. రాధారాణి అక్కడ రెసిడెన్సీలో చేరి ఏడు నెలలు. ఇక్కడికొచ్చాక కోడిగుడ్డు మాత్రం అలవాటు చేసుకుంది. అంతకుమించి పోలేదు.

డాక్టర్లకి టిఫిన్ హాస్పిటల్ వాళ్లే పెట్టేవాళ్లు. కానీ గుడ్లేసే పెనం మీదే బేకన్ కూడా వేసేవాళ్లు. అందుకని రోజూ కార్న్‌ఫ్లేక్సే.

అది చూసి ఓ రోజు ఈ టర్కీ పెద్దాయనే పిలిచాడు. చిన్న రాగి మూకుడు చూపించాడు.

“దీన్లో మీట్ ఎప్పుడూ పడలేదు” అన్నాడు.

పచ్చిమిరపకాయలు, టమాటాలు మగ్గించి, ముద్దయ్యాక గుడ్లు కొట్టి, గట్టిపడకముందే దించాడు. పైన చిటికెడు ఎర్ర కారం.

“మెనెమెన్. మా ఊళ్లో పొద్దున్నే ఇది.”

“మన పొరటే కదే, కాస్త జారుగా ఉంది” అంది రేణు. తనూ తెలుగమ్మాయే, తనదీ రెసిడెన్సీయే.

అప్పట్నుంచి రోజూ ఏడింటికి ఆ ప్లేటు కిటికీలో ఉండేది.

“మరి మీరు తినరా?” అని అడిగితే, “నాది అయింది” అనేవాడు, తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ. ఎప్పుడు చూసినా ఆ చేతులు నాని తెల్లగా ఉండేవి.

అలాంటి మనిషి ఇవాళ అందులో మాంసం వేశాడు.

“పోనీలేవే. ఇంకోసారి వెయ్యొద్దని చెప్పు” అంది రేణు.

“అడిగితే అబద్ధం చెప్పాడే.”

“ఇన్నాళ్లు లొట్టలేసుకుంటూ తిన్నావు, ఒక్క ముక్కకి ఇంత రాద్ధాంతమా?”

“నీకేం, నువ్వు అన్నీ తింటావు.”

రాధారాణి కంప్లైంట్ కార్డు తీసుకుంది. మాంసం కలిపి, కాదని అబద్ధం చెప్పాడని రాసింది. పేరు రాసి సంతకం పెట్టింది.

మర్నాడు కిటికీలో హలీల్ లేడు. ఆ మర్నాడూ లేడు.

“షిఫ్ట్ మారుంటుందిలే” అంది రాధారాణి.

రేణు తన ట్రే తీసుకుని లేచిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత రాధారాణి ఆ కిటికీ వైపు వెళ్లడం మానేసింది.

పదిహేను రోజులకి, డెట్రాయిట్ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే తెలుగావిడ జయంతి గారు ఇండియా నుంచి తిరిగొచ్చారు. రాధారాణి వాళ్లమ్మ పంపిన మూట తెచ్చిచ్చారు. కందిపొడి, చింతకాయ పచ్చడి, అడుగున గుడ్డ సంచిలో వంకాయ వరుగులు.

నల్లగా, మెలితిరిగి ఉన్నాయి.

రెండు ముక్కలు ఉడకేసి, ఒకటి నోట్లో పెట్టుకుంది.

తోలులా సాగింది. అదే రుచి.

వరుగులు మనవాళ్లే పెట్టుకుంటారనుకుంది. ఇంకో దేశంలో కూడా చలికాలం కోసం వంకాయలు కోసి ఎండబెట్టుకుంటారని తట్టనేలేదు.

పొద్దున్నే కిచెన్‌కి పరిగెత్తింది. సూపర్‌వైజర్ డోరతీ గరిటెలు సర్దుతోంది.

“హలీల్ ఎక్కడ? నేను సారీ చెప్పాలి. అది మాంసం కాదు. నేను రాసింది తప్పు.”

“తెలుసు. ఆ రోజే చూశాం. వంకాయ.”

“మరి?”

“పన్లోంచి తీసేశారు. ఎక్కడున్నాడో తెలీదు.”

“మాంసం కానప్పుడు ఎందుకు తీసేశారు?”

“మీ కార్డు వచ్చాక మేనేజర్ వంట సంగతి ఆరా తీశాడు. స్టవ్ ముట్టుకున్నందుకు తీసేశాడు.”

“కుక్ స్టవ్ ముట్టుకోకపోతే ఎలా?”

డోరతీ పై అరలోంచి రాగి మూకుడు తీసి, రాధారాణి చేతిలో పెట్టింది.

“మీకిమ్మన్నాడు. దీన్లో మీట్ ఎప్పుడూ పడలేదని చెప్పమన్నాడు. మీరేమో ఇటు రావడం మానేశారు.”

రాధారాణి మూకుడుని రెండు చేతులతో పట్టుకుంది.

“అతను కుక్ కాదు డాక్టర్, గిన్నెలు కడిగేవాడు” అంది డోరతీ మెల్లగా, “రోజూ మీకిచ్చింది ఇంటి నుంచి తెచ్చుకుని తన కోసం వండుకున్న తిండి.”