మూడో బస్సు

రివర్సులో కర్రలు పడగొట్టానని డ్రైవింగ్ పరీక్షలో నన్ను మూడుసార్లు ఫెయిల్ చేసిన ఆఫీసరు ఇవాళ కూడా నా బస్సే ఎక్కాడు. స్టాండులో నాకంటే ముందు కదిలిన రెండు బస్సుల్లోనూ సీట్లున్నాయి. అయినా వదిలేశాడు.

సరిగ్గా నా వెనక సీట్లో కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంకా తప్పులు వెతుకుతున్నాడన్నమాట! పంతం కొద్దీ ప్రతి మలుపూ నెమ్మదిగా తిప్పాను, ప్రతి స్టాపులోనూ కుదుపు లేకుండా ఆపాను.

చివరి స్టాపులో ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"రోజూ నా బస్సే ఎందుకెక్కుతారు సార్? మళ్ళీ ఫెయిల్ చేస్తారా?"

ఆయన ఉలిక్కిపడి లేచి, కళ్ళు నులుముకున్నాడు.

"నీ బస్సులో అయితే హాయిగా నిద్ర పడుతుందమ్మా. ఆ ముందు బస్సుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి. ఆ డ్రైవర్లిద్దరికీ నూటికి నూరు వేసింది నేనేగా!"