తెలుగు పలకని పెట్టె

ఈసారి కూడా ఎర్రర్ దగ్గరే ఆగిపోయింది.

ధనరాజు తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. అది కంప్యూటరు చేత తెలుగు మాట్లాడించే ప్రోగ్రాం. తెలుగులో రాసింది ఇస్తే గొంతెత్తి పైకి చదువుతుంది. ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి, ఆ 2016 వేసవిలోనే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. కొత్త కంప్యూటర్లలో ఇట్టే పనిచేస్తోంది.

ధనరాజు కంప్యూటరు పాతది. దాన్ని నడిపే లినక్స్ సిస్టమ్ పాతది. మనిషి రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే కంపైలర్ అంతకంటే పాతది. ఈ కాలపు రాత దానికి మింగుడు పడడంలేదు.

కొత్త కంపైలర్ వేద్దామంటే దానికి తోడు పనిచేసే కొత్త లైబ్రరీ ఫైళ్లు కావాలి. ఆ లైబ్రరీకి కొత్త సిస్టమ్ కావాలి. సిస్టమ్ మారిస్తే, కంప్యూటరు వెనక తగిలించి ఉన్న ఓ చిన్న పరికరం పనిచెయ్యదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

మరిడమ్మ భోగాపురం సంతలో ఎండుచేపలు అమ్ముకుని ఇంటికొచ్చింది. గంప దించి, చేతులు కడుక్కుని, గ్లాసులో చోడంబలి తెచ్చి కొడుకు నోటికి తనే అందించింది. తాగుతున్నంతసేపూ అతని చూపు తెర మీదే ఉంది.

“ఒరే, ఆ పెట్టి ఒగ్గేసి ఓపాలి నాకేసి సూడరా,” అంది.

ధనరాజు చూశాడు. మళ్లీ తెరకేసి తిరిగాయి కళ్లు. కాసేపటికి తెర మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు నాలుగు వచ్చాయి.

మరిడమ్మకు చదువు రాదు.

“ఎవలికి రాస్తన్నావురా?” అని, జవాబు కోసం చూడకుండానే గ్లాసు తీసుకుని లేచింది.

గుమ్మంలో కూర్చున్న పక్కింటి గున్నమ్మ గొంతు తగ్గించింది. “అదేటొదినా, పొద్దస్తమానం దానికేసే సూస్తాడు. కళ్లు పోవా?”

“ఏటి సేస్తాను? ఆడికి అదొక్కటే కదా ఉన్నాది.”

హైదరాబాదులో ప్రోగ్రాంలు రాసే ఉద్యోగం వదిలి ఊరొచ్చేశాక ధనరాజుకు మిగిలిన స్నేహితుడు ఒక్కడే. పేరు శివాజీ. విశాఖపట్నంలో ఇంజనీరు. ఇంటర్నెట్‌లోనే పరిచయం. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

“కొత్త కంప్యూటర్ తీసుకోండి గురువుగారూ. దాన్ని మ్యూజియంకి ఇచ్చెయ్యండి,” అని శివాజీ మెసేజ్ పెట్టాడు.

“కుదరదు,” అని ధనరాజు రాశాడు.

“పోనీ వెనకున్న ఆ పరికరం పీకి పారెయ్యండి. అందరిలా కీబోర్డూ మౌసూ చాలవా?”

“చాలవు.”

“ఫోన్ నంబరివ్వండి. పది నిమిషాలు మాట్లాడుకుంటే తేలిపోతుంది.”

“ఫోన్ కుదరదు.”

అతని జవాబులు ఎప్పుడూ అంతే. పొట్టిగా ఉంటాయి, బాగా ఆలస్యంగా వస్తాయి. శివాజీకి ఒక్కోసారి ఒళ్లు మండేది. అయినా వదిలెయ్యలేదు. ప్రోగ్రాంని తన కొత్త కంప్యూటర్లో తయారుచేసి పంపాడు. మీ సిస్టమ్ మరీ పాతది అని ఒక్క ముక్క చెప్పి, మొదలవకుండానే ఆగిపోయిందది.

ఇక ఒకటే దారి. కొత్త పద్ధతిలో రాసిన ప్రోగ్రాంని పాత పద్ధతిలోకి తిరగరాయడం. ధనరాజు ఆ పనికి పూనుకున్నాడు.

చేపల వేట నిషేధం రోజుల్లో మొదలుపెట్టాడు. నిషేధం తీరి పడవలు సముద్రంలోకి వెళ్లాయి. వానలు వచ్చి వెళ్లాయి. ఒక్కో ఫైలూ దిద్దుతూనే ఉన్నాడు. ఒక తప్పు సరిచేస్తే ఇంకోచోట రెండు బయటపడేవి. అయినా మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి.

ఒక మధ్యాహ్నం కంపైలర్ ఎప్పుడూ ఆగేచోట ఆగలేదు. తెర మీద వరసలు పైకి జరుగుతూనే ఉన్నాయి. అవతల శివాజీ కూడా పని మానుకుని ఎదురుచూస్తున్నాడు. మరిడమ్మకు ఏమీ తెలియదు గాని, కొడుకు కళ్లలో వెలుగు చూసి పక్కనే కూలబడింది.

“ఏటిరా, ఏటన్నా మంచి కబురా?”

వరసలు ఆగిపోయాయి. చివర ఒక ఎర్రర్ ఉంది. అంతకుముందు ఎప్పుడూ రానిది.

శివాజీ దాన్ని తెప్పించుకుని చదివి, ఇంటర్నెట్ అంతా వెతికాడు. తర్వాత మెసేజ్ పెట్టాడు.

“ఇది మీ తప్పు కాదండీ. ఆ కంపైలర్లోనే లోపం ఉంది. దాని తర్వాతిదాంట్లో సరిచేశారు. అది మీ సిస్టమ్‌కి ఎక్కదు. ఇంక మనం చెయ్యగలిగింది లేదు.”

ధనరాజు కళ్లు నిండి, నీళ్లు చెంపల మీదికి జారాయి.

“కళ్లమ్మట ఆ నీలేటి నాయనా?” మరిడమ్మ చీర చెంగుతో తుడిచింది. “ఏటయినాదో నాకెలాగ తెలస్తాది?”

తెర మీద శివాజీ మెసేజ్ ఇంకొకటి వచ్చింది.

“ఇన్నాళ్లూ అడగలేదు. ఇంతకీ ఇదెవరి కోసం?”

చాలాసేపటికి జవాబు వెళ్లింది. “అమ్మ కోసం. చదువు రాదు.”

“అంతేనా? ఇంతోటి దానికి ఇన్నాళ్ల పాట్లా? అమ్మగారికి మీరే చదివి వినిపించొచ్చు కదండీ?”

జవాబు రాయడానికి ధనరాజు, మాటా కాళ్లూ చేతులూ పక్షవాతానికి పోగా తన చెప్పుచేతల్లో మిగిలిన ఎడమ కంటిరెప్పను, ఆ చిన్న పరికరం పసిగట్టేలా ఒక్కో అక్షరం దగ్గరా ఆర్పడం మొదలుపెట్టాడు.